ఉలియు వాయుశక్తియు: ఆంధ్రుల రాతిపనిలో పనిముట్ల పరిణామము

ఆంధ్రదేశ శిల్పచరిత్రను గూర్చి మన విద్వాంసులు చేసిన కృషి విస్తృతమైనది. రాజవంశము, కాలము, శైలి, మూర్తిలక్షణము అను నాలుగంశములను వారు సమగ్రముగా చర్చించిరి. ఆ చర్చలలో పనిముట్టునకు మాత్రము తగిన స్థానము లభింపలేదు. రాతిని ఎవరు చెక్కించిరను ప్రశ్నకు సమాధానము శాసనములలో దొరకును; దేనితో చెక్కిరను ప్రశ్నకు సమాధానము రాతిమీదనే వెదకవలసియుండును. చేతియులి మొదలుకొని, అదిమిపెట్టిన గాలితో పనిచేయు సుత్తి వరకు జరిగిన పరిణామమును పరిశీలించి, దానివలన రాతి ఎన్నికయందును, శిల్పి చేతిపనియందును, అతని ఆరోగ్యమునందును, రాతిమీద మిగులు జాడయందును ఎట్టి మార్పులు వచ్చినవో నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము.

శిల్పి కుడిచేత సుత్తిని, ఎడమచేత ఉలిని పట్టును. కుడిచేయి దెబ్బ వేయును. ఎడమచేయి ఆ దెబ్బ ఎచ్చట, ఏ వాలున, ఎంత లోతున పడవలెనో నిర్ణయించును. వాయుశక్తి కుడిచేతి పనిని యంత్రమునకు అప్పగించినది. ఎడమచేతి పని శిల్పికే మిగిలినది. ఈ విభజన అర్థమైనచో తక్కిన మార్పులన్నియు దానినుండియే బోధపడును. ఈ వ్యాసమున ప్రతిపాదింపబడు ముఖ్యాంశము ఇదియే.

పరిశీలన స్థానము

ఈ పరిశీలనకు మండపేట ప్రాంతమును కేంద్రముగా గైకొనుటకు కారణము కలదు. మాండవ్యపురమని జనశ్రుతిలో ప్రసిద్ధమైన ఈ పట్టణము గోదావరి తూర్పు డెల్టాలోనిది. చుట్టును నది తెచ్చి పోసిన ఒండ్రునేల. ఇచ్చట ఇటుకకు మట్టి కొదవ లేదు గాని, చెక్కుటకు రాయి లేదు. అయినను ఈశాన్యమున బిక్కవోలులో తూర్పుచాళుక్యుల నాటి ఆలయములు కలవు. ఆగ్నేయమున దాక్షారామమున భీమేశ్వరాలయము, వందలకొలది శాసనములతో నిలిచియున్నది. దాక్షారామ, సామర్లకోట ఆలయములను చాళుక్య భీముని కాలమునకు, అనగా 892 - 921 నడిమి కాలమునకు, చేర్చుట పరిపాటి. రాయి లేని నేలలో ఇంత రాతిపని ఉండుటచేత, ప్రతి రాయియు వెలినుండి తేబడినదే యగును. రాయి ఎచ్చట పుట్టినది, ఎచ్చట విడదీయబడినది, ఎచ్చట చెక్కబడినది అను మూడు ప్రశ్నలు కొండప్రాంతములలో కలిసిపోవును. డెల్టాలో అవి విడివిడిగా నిలుచును. పనిముట్ల చరిత్రకు ఈ విడివాటు మిక్కిలి ఉపకరించును.

చేతియులి కాలము

డెల్టాకు అంచులనే మన ప్రాచీన శిలాశిల్పమునకు గొప్ప నిదర్శనము కలదు. ఏలూరునకు ఉత్తరమున గుంటుపల్లి కొండలో బౌద్ధులు తొలిచిన గుహలు క్రీస్తుపూర్వపు శతాబ్దముల నాటివి. అచ్చటి వర్తులాకార చైత్యగృహపు కప్పులో కొయ్యదూలములను, వాసములను పోలిన ఆకృతులు రాతియందే మలచబడినవి. ఆ కొండ ఇసుకరాయి. అమరావతిలో వాడినది పలనాటి సున్నపురాయి. రెండును ఇనుపయులికి లొంగు రాళ్లే. మన తొలి శిల్పులు మెత్తని రాతిని ఎన్నుకొనుట వారి పనిముట్ల శక్తిని బట్టి జరిగిన ఎన్నికయని చెప్పవచ్చును.

కాకతీయుల కాలమునకు ఈ స్థితి మారినది. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన వేయిస్తంభముల గుడియందును, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడియందును కఠినమైన నల్లరాతిని అద్దమువలె నునుపు చేసిరి. దారము దూరునంత సన్నని రంధ్రములను ఆభరణముల నడుమ తొలిచిరి. గుండ్రని స్తంభముల అంచులను చూచి, అవి తరిణెపై త్రిప్పి తీర్చినవని కొందరు పండితులు ఊహించిరి. ఆ ఊహ నిలిచినను నిలువకున్నను, ఒక విషయము స్పష్టము. కఠినశిలపై అట్టి పని చేయుటకు ఉలి ఒక్కటియే చాలదు. ఉలికి పదును పెట్టువాడు వెంట నుండవలెను. నల్లరాతిమీద ఉలిమొన త్వరగా మొద్దుబారును. దానిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నీటిలో ముంచి పదును పెట్టవలెను. కావున శిల్పశాల ప్రక్కన కమ్మరికొలిమి తప్పనిసరి. పంచాణమువారిలో కమ్మరికిని కాసెవానికిని గల పొత్తునకు ఇది వృత్తిగతమైన ఆధారము. కొలిమితిత్తినుండి వచ్చు గాలి ఉలిని బ్రతికించినది. ఈ దృష్టితో చూచిన, రాతిపనికి గాలి కొత్తది కాదు. నాడది ఉలిని కాచినది, పిదప ఉలిని నడిపినది.

మన భాషయు ఈ పని క్రమమును భద్రపరచినది. చెక్కుట, తొలుచుట, మలచుట, నూరుట అను క్రియలు సమానార్థకములు కావు. పెచ్చులుగా తీయుట చెక్కుట. లోనికి పోవుట తొలుచుట. గుండ్రదనము తెచ్చుట మలచుట. రాపిడితో నునుపు చేయుట నూరుట. సంస్కృతమున టంకశబ్దమును రాతిని చీల్చు పనిముట్టను అర్థమున అమరకోశము చెప్పినది. తెలుగున ఉలి శబ్దము వడ్రంగికిని కాసెవానికిని సమానము. పనిని వేరుపరచునది క్రియయే.

ఆనకట్టనుండి కంప్రెసరు వరకు

గోదావరి ప్రాంతమున రాతిని అపారముగా విడదీసిన తొలి ఆధునిక కార్యము ధవళేశ్వరపు ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ఆరంభమై 1852లో ముగిసిన ఈ నిర్మాణమునకు రాయి ధవళేశ్వరపు కొండలనుండి వచ్చినది. ఆ కాలమున కొండను తొలుచు పద్ధతి చేతిపద్ధతియే. ఒకడు పొడవైన ఉక్కుకడ్డీని పట్టి ప్రతి దెబ్బకును కొంచెము త్రిప్పుచుండగా, తక్కినవారు సమ్మెటలతో కొట్టుదురు. ఆ రంధ్రమున మందు కూరి పేల్చుదురు. ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు: రాతిగనిలో కొట్టువాడు, పట్టువాడు అప్పటికే వేరు మనుష్యులు. శిల్పశాలలో ఆ రెండు పనులును ఒకే మనుష్యుని రెండు చేతులలో నుండెను. కావుననే యంత్రము మొదట రాతిగనిలో ప్రవేశించుట సహజము.

అట్లే జరిగినది. ఆల్ప్స్ పర్వతములలో ఫ్రాన్సు, ఇటలీ దేశములను కలుపుటకు 1857లో మొదలిడిన సొరంగమున, 1861 నుండి జెర్మైన్ సొమ్మెయ్యే వాయుశక్తితో నడుచు తొలుపుడు యంత్రములను వాడెను. 1871లో ఆ సొరంగము పూర్తియైనది. సొరంగమున ఆవిరియంత్రమును నడిపిన పొగతో ఊపిరాడదు. గాలిని వెలుపల అదిమి గొట్టముగుండ పంపిన యంత్రము నడుచుటయే గాక, పనివారికి ఆ గాలి కొంత ఉపకరించును. అందుచేతనే గనులలో వాయుశక్తికి ప్రాధాన్యము కలిగెను. 1890 ప్రాంతమున ఆ యంత్రము చేతిలో ఇముడునంత చిన్నదై అమెరికాలోని శిల్పశాలలను చేరెను. వెర్మాంటు రాష్ట్రమున బారీ పట్టణపు గ్రానైటు శిల్పులు దానిని విరివిగా వాడిరి. 1927 - 1941 మధ్య రష్మోర్ కొండపై నలుగురు అధ్యక్షుల ముఖములను తీర్చునపుడు, రాతిలో అధికభాగమును పేలుడుమందుతో తొలగించి, పిదప వాయుశక్తి పనిముట్లతో దగ్గరదగ్గరగా రంధ్రములు వేసి, మిగిలిన పొరను ఊడదీసిరి.

తెలుగువారికి ఈ శక్తితో పరిచయము కలిగిన తొలి స్థలములలో కోలారు బంగారుగనులు ముఖ్యములు. చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి కూలీలు అచ్చటికి వలసపోయిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు ఆ గనులకు వచ్చినది. అదిమిన గాలితో నడుచు తొలుపుడు యంత్రములు లోతుగనులలో పనిచేసినవి. తరువాతి కాలమున నీటిబావులు త్రవ్వుటకు ట్రాక్టరుకు అమర్చిన కంప్రెసరు రాయలసీమ, తెలంగాణ గ్రామములకు పరిచితమైనది. ప్రకాశము జిల్లా చీమకుర్తి నల్లగ్రానైటు గనులు ప్రపంచ విపణిలో పేరొందినవి. ఈ క్రమమును బట్టి చూడగా, వాయుశక్తి మన దేశమున శిల్పికంటె ముందు గనికూలీని చేరినదని తేలుచున్నది. నేటి శిల్పశాలలలో విద్యుత్తుతో తిరుగు కోతచక్రమునకే వాడుక ఎక్కువ. గాలిసుత్తి దానికి తోడుగా నిలుచును. చక్రము కోయును, నూరును; దెబ్బ వేయునది గాలిసుత్తియే. కావున ఉలికి నిజమైన వారసత్వము దానిదే.

గాలిసుత్తి పని తీరు

కంప్రెసరు గాలిని వాతావరణపు ఒత్తిడికి ఆరేడు రెట్ల వరకు అదిమి తొట్టిలో నిలుపును. రబ్బరుగొట్టముగుండ అది పిడిలోనికి వచ్చును. పిడిలోపల చిన్న ఉక్కుముషలము ముందువెనుకలకు ఊగుచు ఉలి మొదలిని కొట్టును. నిమిషమునకు పడు దెబ్బలు వేలసంఖ్యలో నుండును. చేతిసుత్తితో కొట్టువాని దెబ్బలు వందకు అటునిటు. దెబ్బ ఒక్కొక్కటి చిన్నది. అందుచే పెద్ద పెచ్చులు లేవవు; రాయి పిండివలె రాలును. ఉలిని రాతికి ఆనించిన పిమ్మటనే గాలి విడువవలెను. ఆనకుండ విడిచినచో మొన గెంతి అంచు చిట్లును. ఉలిమొనకు టంగ్‌స్టన్ కార్బైడు అతికించుట వాడుకలోనికి వచ్చిన పిదప అది పలుదినములు మొద్దుబారకుండ నిలుచును. దీనితో శిల్పశాల ప్రక్కన కొలిమి అవసరము తగ్గినది. కమ్మరికిని కాసెవానికిని శతాబ్దములుగా గల నిత్యసంబంధము సడలిన కారణములలో ఇది యొకటి.

యంత్రముతో చెక్కినది శిల్పము కాదను వాదమొకటి కలదు. ఈ వాదము తరిణె, రంపము, తొలుపుడుకోల మొదలగు పూర్వపు సాధనములను విస్మరించుచున్నది. పని స్థూలముగా ఉన్నపుడు, అనగా విగ్రహపు బరువును రాతిలోనుండి వెలికితీయునపుడు, కుడిచేతి దెబ్బలో శ్రమ అధికము, వివేకము అల్పము. ఆ శ్రమ యంత్రమునకు పోయినందున కళకు కలిగిన నష్టము లేదు. కాని ముఖమును, కనురెప్పను, వ్రేలికొనను తీర్చునపుడు స్థితి వేరు. అచ్చట దెబ్బ బరువును క్షణక్షణమునకు మార్చునది కుడిచేయి. రాతిలో నరము తగిలినదో, పగులు దాగియున్నదో దెబ్బ ధ్వనిలోని తేడాను బట్టి శిల్పి గ్రహించును. గాలిసుత్తి రొదలో ఆ ధ్వని వినబడదు. కావున అనుభవజ్ఞుడైన శిల్పి స్థూలమునకు యంత్రమును, సూక్ష్మమునకు చేతియులిని వాడుట వివేకము. ఉలిదెబ్బకు ఓర్చిన రాయియే దేవుడగునను లోకోక్తిలో రాతి ఓర్పు చెప్పబడినది; దెబ్బ కొట్టువాని ఓర్పును గూర్చి వేరుగా విచారింపవలసియున్నది.

చేయి, ఊపిరి

యంత్రము కుడిచేతి భారమును తీసికొని, ఎడమచేతిపై కొత్త భారమును మోపినది. 1918లో అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు ఇండియానా రాష్ట్రము బెడ్‌ఫర్డ్ ప్రాంతపు సున్నపురాతి పనివారిని పరీక్షించెను. గాలిసుత్తి వాడువారి వ్రేళ్లు చలికి తెల్లబారి స్పర్శ కోల్పోవుచుండెను. ఉలిని పట్టిన ఎడమచేతికే బాధ అధికమని ఆమె గుర్తించెను. శిల్పికి మిగిలిన విద్య ఎడమచేతిలోనిదని మనము పైన చెప్పితిమి. ఆ చేతినే అదురు చెరచుట ఈ చరిత్రలో మిక్కిలి విచారకరమైన అంశము.

ఊపిరికి కలుగు హాని ఇంతకంటె ఘోరము. పలుగురాతి అంశమైన సిలికా సన్నని ధూళియై ఊపిరితిత్తులలో చేరినచో అవి క్రమముగా గట్టిపడును. ఈ సిలికోసిస్ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు లేదు. చేతియులితో లేచు పెచ్చు నేలపై పడును. గాలిసుత్తితో లేచు పిండి గాలిలో తేలును. దెబ్బ చిన్నదగుటయే ధూళి సన్నమగుటకు కారణము. బారీ పట్టణపు గ్రానైటు పనివారిలో ఈ వ్యాధియు, దాని వెంట క్షయయు విజృంభించినవి. 1930ల చివర ప్రతి పనిస్థానమున ధూళిని పీల్చు గొట్టములు అమర్చిన పిదప, కొత్తగా వ్యాధి సోకుట దాదాపు ఆగినది. గనులలో పొడిగా తొలుచు యంత్రమునకు విధవలను చేయు యంత్రమని పేరు వచ్చినది. 1897లో జార్జి లేనర్ బోలుకడ్డీగుండ నీటిని పంపి ధూళిని తడుపు పద్ధతిని కనుగొనెను. అనగా రోగము తెలిసిన కాలముననే నివారణయు తెలిసినది.

మన దేశమున కోలారు గనికూలీలను పరీక్షించి 1947లో వెలువరించిన నివేదికలో నూటికి 40 మందికి పైగా ఈ వ్యాధి కలదని తేలినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 1952 నాటి గనుల చట్టము దీనిని ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చినవి. కాని ఫ్యాక్టరీల చట్టము విద్యుత్తు వాడుచోట్ల పదిమందికి తక్కువ గల పనిశాలకు సాధారణముగా వర్తింపలేదు. తండ్రియు, కుమారులును, ఇద్దరు ముగ్గురు శిష్యులును కలసి పనిచేయు శిల్పశాల ఈ హద్దునకు వెలుపలనే నిలిచినది.

ఇచ్చట రాతి ఎన్నిక మరల ముఖ్యమగుచున్నది. సున్నపురాతిలో సిలికా స్వల్పము. పలనాటి సున్నపురాతిని చెక్కు దుర్గి శిల్పులకు చేతి అదురు ముప్పు ఉండవచ్చును గాని, ధూళి ముప్పు తక్కువ. గ్రానైటులో పలుగురాతి అంశము తరచుగా మూడవవంతు వరకు నుండును. ఇసుకరాతిలో అంతకంటె ఎక్కువ. మెత్తనిదని ప్రాచీనులు ఎన్నుకొన్న ఇసుకరాయి, యంత్రము చేతికి వచ్చిన పిదప ఎక్కువ అపాయకరమైన రాళ్లలో ఒకటియైనది. కష్టమునకు కొలత రాతి గట్టిదనము. అపాయమునకు కొలత రాతిలోని సిలికా. ఈ రెండు కొలతలును వేరను సంగతి ప్రతి శిల్పశాలలోను తెలియవలసినది.

రాతిమీది జాడ

పనిముట్టు తన జాడను రాతిపై విడుచును. ప్రాచీనులు గుండును చీల్చుటకు వరుసగా చతురస్రపు గూళ్లు తొలిచి చీలలు దిగగొట్టిరి. హంపి గుండ్లపై ఆ గూళ్ల వరుసలు నేటికిని కానవచ్చును. యంత్రముతో తొలిచి విడదీసిన రాతి అంచున పొడవైన అర్ధచంద్రాకారపు గాడులు మిగులును. చేతియులి గీతలు ఎడము మార్చుచు, ఒకదానికంటె ఒకటి లోతు మార్చుచు సాగును. గాలిసుత్తి గీతలు దగ్గరగా, సమముగా నుండును. ఆలయపు మరమ్మతులను కాలానుగుణముగా వేరుపరచుటకు ఈ జాడలు శాసనములంత ప్రమాణములు. వేయిస్తంభముల గుడి కళ్యాణమండపమును విప్పి, తిరిగి నిలిపి, 2024 మార్చిలో తెరచిరి. ఇట్టి పునర్నిర్మాణములలో కొత్తరాతిపై కొత్త పనిముట్టు జాడను దాచక నిలుపుటయు, పాతరాతిపై పాతజాడను నూరివేయకుండుటయు చరిత్రకు చేయు మేలు.

మండపేట వంటి డెల్టా పట్టణములలో వాయుశక్తి ప్రభావము విగ్రహములకంటె ఫలకములలో సులభముగా గోచరించును. గ్రానైటు పలకపై రబ్బరు అచ్చు అతికించి, గాలితో ఇసుకవంటి గట్టిపొడిని చిమ్మి అక్షరములను తొలుచు పద్ధతి కలదు. 1870లో ఫిలడెల్ఫియా నగరమున బెంజమిన్ టిల్గ్‌మన్ దీనికి హక్కుపత్రము పొందెను. ఆ పనికి సిలికా ఇసుకను వాడుటవలన కలుగు హానిని గుర్తించి, బ్రిటనులో పోతపనులకు దానిని 1949 నాటి నిబంధనలతో నిషేధించిరి. ఈ పద్ధతితో తీసిన అక్షరపు లోతు అంతటను ఒక్కటే. తలకట్టు మొదలును కొనయు భేదింపవు. దాక్షారామ శాసనములలో అట్లు కాదు. ఉలి దిగిన చోటు లోతుగను, తేలిన చోటు పలుచగను ఉండును. వంపు తిరుగునపుడు దెబ్బలు చిన్నవగును. మనము శాసనములను చదువునపుడు అక్షరమును చూచి ఉలిదెబ్బను విడుచుచున్నాము. వ్రాసినవాడొకడు, చెక్కినవాడొకడు అయిన శాసనములలో చెక్కినవాని చేతిని గుర్తించుటకు ఈ లోతుభేదమే ఆధారము. అచ్చుప్రతిలో అది కనబడదు, రాతియొద్దకే పోవలెను.

ఉపసంహారము

పై పరిశీలనవలన తేలిన అంశములు నాలుగు. మొదటిది, మెత్తని రాతినుండి కఠినశిలకు సాగిన మన శిల్పప్రయాణము పనిముట్ల శక్తితో ముడివడినది. రెండవది, వాయుశక్తి గనిలో మొదలై శిల్పశాలకు వచ్చినది. అది కుడిచేతి శ్రమను తీసికొని, ఎడమచేతి విద్యను శిల్పికి మిగిల్చినది. మూడవది, ఆ మార్పునకు వెల శిల్పి చేతిని, ఊపిరిని తాకినది. నీరు, ధూళిని పీల్చు గొట్టము అను నివారణోపాయములు శతాబ్దము నాటికే తెలిసినవి. నాలుగవది, ప్రతి పనిముట్టును తన జాడను రాతిపై వ్రాసిపోవును. అది చరిత్రకారునకు పత్రము.

తెలుగుశాఖలలోని పరిశోధకులకు ఇందు చేయదగిన పని చాల కలదు. 1962లో వ్యవసాయ పదములతో ఆరంభమైన మాండలిక వృత్తి పదకోశపు పద్ధతిని అనుసరించి, ఆళ్లగడ్డ, దుర్గి మొదలగు శిల్పకేంద్రములలో చేతియులి కాలపు పదములను, కంప్రెసరు కాలపు పదములను ప్రక్కప్రక్కన సేకరింపవచ్చును. రెండు పద్ధతులను ఎరిగిన వృద్ధశిల్పులు జీవించియున్న కాలముననే ఈ పని జరుగవలెను. పదములను చెప్పించుకొనునపుడు వారి వ్రేళ్ల స్పర్శను గూర్చియు, దగ్గును గూర్చియు రెండు ప్రశ్నలు అడుగుట పరిశోధనకు వెలితి కాదు. రాజుల పేర్లు శాసనములు నిలిపినవి. చెక్కినవాని చేతిని, ఊపిరిని నమోదు చేయు బాధ్యత మనది.